గోడవతల ఫిడేలు

రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాణ్ణి. 2009 నాటి మాట. విశాఖపట్నం కంచరపాలెంలో మా ఇల్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. మేం తీసుకున్న బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లో రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడినా బిల్లులోకి ఎక్కదు. పగలు వాడితే ప్రతి ఎంబీకీ లెక్కే. అందుకని వీధి వీధంతా నిద్రపోయాక, హాల్లో కంప్యూటర్ మీద అమ్మ కప్పిన అల్లిక గుడ్డ తీసి మడతపెట్టి, మోడెం లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. దూరంగా యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. చెవుల్లో జగదాంబ దగ్గర అరవై రూపాయలకి కొన్న ఇయర్‌ఫోన్లు.

లేచేది ఉద్యోగాల సైట్లు చూడ్డానికి. సంగీతం అప్పటికి నా లెక్కలో లేదు. పాటంటే నాకు సినిమా పాట, సినిమా పాటంటే గొంతు. ఆ గొంతు వెనకాల ఎన్ని మోగుతున్నాయో, ఎవరు మోగిస్తున్నారో ఏనాడూ పట్టించుకోలేదు.

ఒక రాత్రి పక్కన కనబడ్డ వీడియో ఏదో నొక్కాను. పాత రికార్డింగు, బొమ్మ మసక మసకగా ఉంది. మీసాలైనా సరిగ్గా రాని కుర్రవాడు పట్టు లాల్చీ వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, చిన్న గిటారు లాంటిది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మాండలిన్ శ్రీనివాస్. మన పాలకొల్లులో పుట్టినాయన. పేరు విన్నానే గానీ ఆయన వాయిస్తుంటే చూడ్డం అదే మొదలు.

అప్పట్లో యూట్యూబ్‌లో మామూలు వాళ్ళు పది నిమిషాలకి మించిన వీడియో పెట్టడానికి వీల్లేదు. 2010లో దాన్ని పదిహేను చేశారు. కాబట్టి కచేరీ అంతా ముక్కలు ముక్కలుగా ఉండేది. ఒకటో భాగం, రెండో భాగం, ఇలా ఏడో ఎనిమిదో. రాగం ఎక్కడో పైకి పోయి ఊపిరి బిగబట్టిన చోట టక్కున తెగిపోయేది. తర్వాతి ముక్క వెతుక్కోవాలి. కొన్నిసార్లు నాలుగో భాగం ఎవరూ పెట్టి ఉండరు. దొరికిన ముక్క కూడా తిన్నగా నడవదు. బూడిద రంగు గీత ముందుకి పాకేదాకా ఆగాలి, ఒక రెండు నిమిషాలు చూడాలి, మళ్ళీ ఆగాలి. ఆ ఆగిన సమయమంతా నా కళ్ళ ముందు ఒకే బొమ్మ నిలబడి ఉండేది. ఆ వేళ నిలబడ్డ బొమ్మలో శ్రీనివాస్ గారి ఎడమ చెయ్యి ఉంది.

దాన్నే చూస్తూ కూర్చున్నాను. బొమ్మ కదిలింది. వేలు ఒక మెట్టు మీదికి పోయి అక్కడ ఆగలేదు. ముందుకీ వెనక్కీ ఊగింది. వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. మళ్ళీ. ఆ ఊగడం ప్రతిసారీ ఒకే కొలతలో ఉంది. చేతి వణుకైతే అలా ఉండదు.

ఆ చప్పుడు నాకు తెలుసు. అప్పుడే, ఆ కుర్చీలోనే తట్టింది. ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగున్నరకి మా గోడవతల నుంచి వస్తున్నదే అది.

గోడవతల మాస్టారు ఉండేవారు. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఫిడేలు వాయిస్తారు కాబట్టి వీధిలో అందరికీ మాస్టారే. చిన్నప్పుడు ఆ ఫిడేలు మోగితే తలగడ తీసి చెవి మీద పెట్టుకునేవాణ్ణి. ఇంటర్ పరీక్షలప్పుడైతే అమ్మ స్వయంగా వెళ్ళి, "పిల్లాడు చదువుకుంటున్నాడు మాస్టారూ, కొన్నాళ్ళు కాస్త..." అని మొహమాటపడుతూ అడిగి వచ్చింది. పరీక్షలయ్యేదాకా గోడవతల చప్పుడు లేదు. ఆ నలభై రోజులూ ఆయన ఏం చేశారో చాలా ఏళ్ళకి వాళ్ళావిడ, మామ్మగారు చెప్పారు. రోజూ అదే వేళకి లేచి, స్నానం చేసి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, కమాను ముట్టకుండా ఒట్టి ఎడమ చేతి వేళ్ళు తీగల మీద నడుపుతూ గంటన్నర కూర్చునేవారట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

మర్నాడు సాయంత్రం వాళ్ళ గుమ్మం ఎక్కాను.

"రా నాన్నా, ఏటి సంగతి? ఉద్యోగం వచ్చిందా?"

"లేదు మాస్టారూ. ఒకటి అడుగుదామని వచ్చాను. వాయించేటప్పుడు వేలు అలా ఊగుతుందెందుకు?"

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి పెట్టె తెచ్చారు. లోపల ఆకుపచ్చ ముఖమల్, వేలిముద్రలతో అరిగిన రోజిన్ ముక్క, మందుసీసాలో కాస్త కొబ్బరినూనె. చాప మీద కూర్చుని, ఫిడేలు ఒక కొస గుండెకి ఆనించి, రెండో కొస కుడికాలి చీలమండ మీద నిలబెట్టారు. బిరడలు తిప్పుతూ శ్రుతి చేశారు. స, ప, మళ్ళీ స, మళ్ళీ ప. తెల్లవాళ్ళు ఇవే నాలుగు తీగల్ని వేరే లెక్కలో శ్రుతి చేసి నిలబడి వాయిస్తారట. మనవాళ్ళు నేలమీద కూర్చుని కాలికి ఆనించుకుంటే, ఎడమ చేతికి ఫిడేలు బరువు మోసే పని తప్పింది. అందుకే అది తీగ మీద ఎంత దూరమైనా జారగలదు. వేళ్ళకి నూనె రాసుకునేది కూడా అందుకే.

"ఇది విను," అని ఒక స్వరం తిన్నగా, ఊపు లేకుండా లాగారు. "ఇది గాంధారం. సాధారణ గాంధారం. పుస్తకంలో తోడి రాగానికి రాసింది ఇదే. కానీ ఇది తోడి కాదు."

తర్వాత అదే వేలు. కింద రిషభానికి దిగి, పైన మధ్యమాన్ని తాకి, రెంటి మధ్యా ఉయ్యాల ఊగింది. ఊపు మొత్తం అంగుళం ఉంటుందేమో.

"ఇదిగో, ఇప్పుడు తోడి వచ్చింది."

నిజంగానే వచ్చింది. ఎవరో గదిలోకి నడిచి వచ్చినట్టు వచ్చింది. ఒకే స్వరం, ఒకే వేలు. తిన్నగా ఉన్నప్పుడు ఒట్టి ధ్వని. ఊగేసరికి దానికి ఒక మనిషి మొహం వచ్చింది. ఆ అంగుళం మేర తిరగడానికి ఎన్నేళ్ళు పడుతుందని అడిగాను. "నాకు అరవయ్యేళ్ళు పట్టింది, ఇంకా సరిగా రాలేదు" అన్నారు. పెద్దవాళ్ళు మాటవరసకి అలా అంటారులే అనుకున్నాను ఆ రోజు.

అప్పటి నుంచి ఆయన మా ఇంటికి వచ్చేవారు. నా లెక్క రెండు నుంచి ఎనిమిది, ఆయన లేచేది నాలుగున్నరకి. సాధన ముగించుకుని ఆరింటికల్లా లుంగీ మీద తువ్వాలు కప్పుకుని వచ్చి, హాల్లో నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. అమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చేది. ఇంటర్నెట్‌లో ఇవన్నీ ఉంటాయని ఆయనకి తెలియదు. మొదటి రోజు, "ఎవరివి కావాలి మాస్టారూ?" అని అడిగితే, కాసేపు ఆలోచించి మెల్లగా అన్నారు: "ద్వారం వారివి ఉంటాయా?"

ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టినా పెరిగింది మన విశాఖపట్నంలోనే. చూపు సరిగా ఆనేది కాదు. 1919లో విజయనగరం మహారాజావారు సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాలుని చేస్తే, ఫిడేలు నేర్పడానికి వెళ్ళింది ఈయనే. దాసుగారి తర్వాత ప్రిన్సిపాలూ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుని ముందుకి తెచ్చి, దానితో ఒంటరిగా కచేరీలు చేసి మెప్పించారు. మాస్టారు కుర్రతనంలో ఆ విజయనగరం కళాశాలలో రెండేళ్ళు ఉన్నారు. అప్పటికి ద్వారం వారు మద్రాసులో ఉండేవారు. తర్వాత రైల్వే ఉద్యోగం వచ్చి మాస్టారి చదువు ఆగిపోయింది.

వెతికితే దొరికింది. బొమ్మంటూ ఏమీ లేదు, ఒక ఫోటో మాత్రం. దాని వెనక పాత 78 గ్రామఫోన్ ప్లేటు నుంచి ఎక్కించిన పాట. ఆ ప్లేటు ఒక వైపుకి పట్టేది మూడు నిమిషాల చిల్లర, అంతే. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు, వాటి వెనక నుంచి ఫిడేలు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. తువ్వాలు కింద ఆయన ఎడమ చేతి వేళ్ళు కదలడం చూశాను. ఎక్కడ జారాలో అక్కడ జారుతున్నాయి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాయి. అయిపోయాక, "మళ్ళీ పెట్టు" అన్నారు. ఆరోజు పదకొండుసార్లు పెట్టించుకున్నారు. కాఫీ చల్లారిపోయింది.

నాకు ఆయన నేర్పిన అసలు పాఠం అది కాదు. ఎవరిదో గాత్ర కచేరీ చూస్తున్నాం. నేను పాడే ఆయన్నే చూస్తున్నానని కనిపెట్టి, తెర మీద వేలు పెట్టి చూపించారు. "ఈయన్ని చూడకు. ఆ పక్కనున్నాయన్ని చూడు."

పక్కన ఫిడేలు వాయించే ఆయన. ఆయన చూపు పాడేవారి చేతి మీద ఉంది. పాడేవారు రాగంలో ఒక సంగతి వేస్తారు, అంటే స్వరాలతో ఒక మలుపు తిప్పుతారు. అది ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. పక్కాయన దాన్ని ఒక రెప్పపాటు వెనకగా, నీడలాగా అనుసరిస్తాడు. ముందుకి పోడు, మరీ వెనకబడడు. పాడేవారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, ఆ ఖాళీలో చివరి స్వరాన్ని పట్టుకుని నిలబెడతాడు. పాట అక్కడ పడిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఎటు వెళ్తారో తెలియని మనిషి వెనక, చీకట్లో, కాలు తొక్కకుండా నడవడం లాంటిది ఆ పని. అది చూశాక నేను కచేరీలు వినే తీరే మారిపోయింది. ఇప్పటికీ ముందు పక్కవాద్యాల వైపే నా చెవి పోతుంది.

మాస్టారి జీవితమంతా ఆ పక్క కుర్చీలోనే గడిచింది. కుర్చీ కూడా కాదు, చాప. ఉత్తరాంధ్రలో హరికథ అంటే ఎంత ప్రాణమో ఈ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. శ్రీరామనవమి పందిళ్ళలో, దసరాల్లో, అనకాపల్లి దాకా, భీమిలి దాకా ఆయన హరిదాసుల పక్కన ఫిడేలు వాయించేవారు. ఆఫీసు నుంచి సరాసరి సైకిలు మీద వెళ్ళి, తెల్లారి తిరిగొచ్చి మళ్ళీ డ్యూటీకి. హరిదాసు కథ చెబుతూ చెబుతూ పద్యంలోకి వెళ్తాడు, పద్యం మధ్యలో పిట్టకథ, పిట్టకథ నుంచి హఠాత్తుగా కీర్తన. ఏ రాగమో చెప్పడు, ఏ చోట ఎత్తుకుంటాడో చెప్పడు. ఫిడేలు ఆయనకన్నా ముందే అక్కడ ఉండాలి.

మా వీధి చివర పందిట్లో అవన్నీ చూసినవాణ్ణే నేను. చిడతలు, గజ్జెలు, పూలదండ, సీతమ్మవారి కష్టాలు చెబుతుంటే ఏడ్చిన ఆడవాళ్ళు, అన్నీ గుర్తున్నాయి. పక్కన మాస్టారు కూర్చున్న బొమ్మ ఒక్కటి కూడా నా జ్ఞాపకాల్లో లేదు. ఎంత వెతికినా లేదు. అక్కడే ఉన్నారని తెలుసు, చూడలేదు.

ఈ విషయంలో వీడియోలు తీసేవాళ్ళ మీద కూడా నాకు కష్టంగానే ఉంటుంది. పాడేవారి మొహం మీదే కెమెరా పెట్టి, తీరా ఫిడేలు వంతు వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల్నీ వేదిక మీద పూలకుండీనీ చూపిస్తారు. మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనంలో మంచి చోట కొట్టే చేతులు కనబడవు. ఆ చేతులు మళ్ళీ రావు కదా. దయచేసి చేతులు చూపించండయ్యా.

మృదంగం గురించి చెప్పాలి. దానికి ఎడమ వైపు మూత మీద కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి అంటిస్తారని ఒక వీడియోలోనే చూశాను. చిన్న గిన్నెలో రవ్వ, నీళ్ళు. బొటనవేలితో మెత్తగా అద్ది, ఒకసారి కొట్టి విని, చిటికెడు తీసి, మళ్ళీ కొట్టి విని. ఆ "ఘుం" అనే లోతు అక్కడి నుంచి వస్తుంది. అమ్మ ఉప్మా చేసే రవ్వే. పరిగెత్తుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఎన్ని గంటలు నానితే అంత జిగురొస్తుందో" అంది. తనకి తెలిసిన వైపు నుంచి తనూ ఆ పనితనాన్ని పట్టుకుంది.

తాళం వెయ్యడం కూడా ఆ రోజుల్లోనే పట్టుబడింది. ఆదితాళం ఎనిమిది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఇది తేలిక. కష్టమల్లా పాట దెబ్బ మీద మొదలవకపోవడం. దెబ్బ పడ్డాక కొంచెం ఆగి ఎత్తుకుంటారు చాలా చోట్ల, ఆ కొంచెం ఎంతో చెయ్యి మర్చిపోకూడదు. మిశ్రచాపు ఏడు, మూడూ రెండూ రెండూగా కుంటుతూ నడుస్తుంది. ఇంటర్వ్యూలకి సిటీ బస్సుల్లో తిరుగుతూ తొడ మీద ఏడు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక దాకా తప్పకుండా వేసిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

ఒక్క సంగతి మాత్రం ఎవరికైనా చెప్పకుండా ఉండలేను. మా అక్క కూతురికి కొన్న చిన్న కీబోర్డు ఒకటి ఇంట్లో ఉండేది. దాని మీద నల్లమెట్లు రెండూ మూడూ గుంపులుగా ఉంటాయి కదా. తెల్లవి ముట్టకుండా, మూడింటి గుంపులో మొదటి నల్లమెట్టుని స అనుకుని వరసగా నల్లవే నొక్కుకుంటూ పోతే మోహన రాగం వస్తుంది. అదే నల్లమెట్లు, ఒక్కటీ మార్చకుండా, ఆ గుంపులో మూడోదాన్ని స అనుకుని మొదలుపెడితే హిందోళం. ఎవరో ఇది వాయించి చూపిస్తుంటే నమ్మలేక నేనే నొక్కి చూశాను. మోహనం వింటే ఇంట్లో దీపం పెట్టినట్టుంటుంది. హిందోళం వింటే అర్ధరాత్రి ఎవరినో తలుచుకున్నట్టుంటుంది. స్వరాలు అవే. మనం ఎక్కడ నిలబడ్డామన్నదే మారింది. మాస్టారికి చూపిస్తే, "గ్రహభేదం అంటారు దాన్ని" అని, ఫిడేలు మీద మోహనం వాయిస్తూ గాంధారం మీద నిలబడిపోయి, అదే స అయ్యేదాకా దాన్నే లాగి, హిందోళంలోకి దిగారు. ఆ మలుపు దగ్గర నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఈ చెవితో మళ్ళీ సినిమా పాటలకి వెళ్తే అవీ కొత్తగా వినబడ్డాయి. ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటారు వరసొక్కటే విడిగా వాయించి చూపించే కుర్రాళ్ళ వీడియోలు బోలెడు. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్న పాట అడుగున ఇంకో పాట నడుస్తోందని అప్పుడు తెలిసింది. మా నాన్న రేడియోలో అది వినబడే అవకాశమే లేదు. మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కున్నది మొదటి జీతంతో. ఉద్యోగం వచ్చింది లెండి, ఆటోనగర్లో.

కళాభారతిలో మొదటి కచేరీకి మాస్టారే తీసుకెళ్ళారు. పిఠాపురం కాలనీలో విశాఖ మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ వాళ్ళ హాలు అది. మూడేళ్ళుగా తెర మీద చూస్తున్నవాణ్ణి, ఎదురుగా మనుషులు కూర్చుని వాయిస్తుంటే మొదటి అరగంట ఏమీ అర్థం కాలేదు. దగ్గరగా చూపించే కెమెరా లేదు. వెనక్కి జరపడానికి లేదు. ఒక సంగతి జారిపోతే జారిపోయినట్టే. చేతులు అంత దూరం నుంచి సరిగా కనబడవు కూడా. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఫిడేలు వేలు ఎక్కడుందో చెవికి తెలుస్తోందని అప్పుడు గమనించాను. జారింది, ఆగింది, ఊగింది. కళ్ళతో నేర్చుకున్నది చెవిలోకి ఎప్పుడు దిగిందో నాకే తెలియదు.

సాయంత్రం దీపం పెట్టే వేళ మా అమ్మ "నానాటి బతుకు నాటకము" కూనిరాగం తీసేది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో విన్నది. ఆ అన్నమయ్య కీర్తనకి రేవతి రాగంలో బాణీ కట్టింది నెదునూరి కృష్ణమూర్తి గారని నాకు ఒక వీడియో చూస్తుంటే తెలిసింది. ఆయన డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు, విజయనగరం కళాశాల విద్యార్థి, 1991లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నవారు. అంతకన్నా ముఖ్యంగా, ఆయన ఉండేది మన విశాఖపట్నంలోనే. అమ్మతో చెబితే, దీపం కుందెలో నూనె పోస్తున్నదల్లా ఆగిపోయి, "ఈ పాటకి బాణీ కట్టినాయన ఈ ఊళ్ళోనేనా?" అంది. అమ్మని తీసుకుని ఒకసారి వెళ్ళి దణ్ణం పెట్టుకుని రావాలనుకున్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే ఉన్నాను.

2014 వచ్చింది. ఆ సంవత్సరం గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. సెప్టెంబరు 19న మాండలిన్ శ్రీనివాస్ గారు పోయారు. నలభై అయిదేళ్ళకే. ఆ రాత్రి ఆయన వాయించిన రిమెంబర్ శక్తి బృందం వీడియో ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. అందులో జాకిర్ హుస్సేన్ గారు తబలా మీద ఒక చమత్కారం చేస్తే శ్రీనివాస్ గారు చిన్నపిల్లవాడిలా నవ్వుతారు, నవ్వుతూనే దానికి మాండలిన్ మీద జవాబు చెబుతారు. ఆయనకి నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. పాశ్చాత్య మాండలిన్‌కి ఉండే జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, కరెంటు మాండలిన్ చేతబట్టి, మీటగానే ఆరిపోయే స్వరాన్ని ఊగేదాకా నిలబెట్టారాయన. నాకు పాట వినడం మొదలైంది ఆ చేతి దగ్గరే కాబట్టి, ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

ఆ తర్వాత మూడు వారాలకి, అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు గురించి విశాఖ వాళ్ళెవరూ మర్చిపోరు, నేను మళ్ళీ చెప్పను. మర్నాటికి ఊళ్ళో చెట్టన్నది నిలబడి లేదు. నిలబడ్డవాటికి ఆకు లేదు, కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ లేదు. సాయంత్రం ఆరు దాటితే కంచరపాలెం అంతా ఒకటే చీకటి.

రెండో రాత్రి మాస్టారు ఫిడేలు తీసుకుని అరుగు మీదికి వచ్చారు. వాళ్ళ వంటింటి రేకులు ఎగిరిపోయాయి, ఇంట్లో సగం తడిసింది. ఫిడేలు పెట్టె మాత్రం మంచం మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద ఆయనే పడుకున్నారట గాలి ఆగేదాకా. శ్రుతి పెట్టెకి కరెంటు లేదు. మామ్మగారు గొంతుతోనే స అందుకున్నారు. ఆవిడ పాడగలరని ఆ రాత్రే తెలిసింది నాకు.

"తాళం వెయ్యి నాన్నా" అన్నారు. వేశాను. మృదంగం లేదు, నా తొడ మీద దెబ్బే. అరుగుల మీద జనం చేరారు, ఎవరూ మాట్లాడలేదు. మనిషి కనబడటం లేదు, కమాను కనబడటం లేదు. మోహనం ఎత్తుకున్నారు. చాలాసేపు అక్కడే తిరిగారు. తర్వాత గాంధారం మీద నిలబడ్డారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో నాకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని ఆయనకీ తెలిసింది, చీకట్లో "ఊఁ" అన్నారు నా వైపు తిరిగి. హిందోళంలోకి దిగాం. దిగాం అనే అంటాను. అంతమందిలో ఆ మలుపు దగ్గర నేను ఆయన పక్కన ఉన్నాను.

కరెంటు వచ్చేదాకా ప్రతి రాత్రీ వాయించారు.

డిసెంబరు 8న నెదునూరి గారు పోయారు. అమ్మా నేనూ వెళ్ళనే లేదు.

అది మనసులో పెట్టుకునే, ఆ సంక్రాంతికి కొత్త ఫోను పట్టుకుని మాస్టారి ముందు కూర్చున్నాను. "ఏదైనా వాయించండి, రికార్డు చేసుకుంటాను" అంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కల్యాణి వాయించారు, నాలుగు నిమిషాలు. రెండేళ్ళ తర్వాత మామ్మగారు పోతే, కొడుకు వచ్చి ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళాడు. అక్కడే 2018లో కాలం చేశారు. ఫిడేలు మనవరాలి దగ్గర ఉంది, నేర్చుకుంటోందట.

ఆ వీడియోలో ఆయన మొహం, ఇస్త్రీ చొక్కా, వెనక గోడ మీద క్యాలెండరు బాగా పడ్డాయి. ఎడమ చెయ్యి మాత్రం తెరకి బయట ఉండిపోయింది. చివర్లో కమాను దింపి, ఏదో నచ్చనట్టు తల అడ్డంగా ఊపి, "నిషాదం కొంచెం దిగిందిరా, ఉండు, మళ్ళీ వాయిస్తా" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. మళ్ళీ వాయించారు కూడా, అది నేను తియ్యలేదు, బాగానే ఉంది కదా మాస్టారూ అన్నాను.

ఏ నిషాదమో నాకు చాలా ఏళ్ళు వినబడలేదు. ఎన్నిసార్లు విన్నా అన్నీ సరిగ్గానే ఉన్నట్టుండేవి. వేగం సగానికి తగ్గించి కూడా విన్నాను. కిందటేడాది ఒక తెల్లవారుజామున, ఇల్లంతా నిద్రపోతుండగా విన్నాను. రెండో నిమిషం దాటాక, పై షడ్జానికి ఎక్కబోతూ ఒకచోట. వెంట్రుకవాసి కింద పడింది.